మెర్విన్ తప్పిపోయిన రోజు

ఇంతకు ముందు నేనెప్పుడూ ఏదీ రాయలేదు. 'నేను' అని మొదలుపెడితే చెయ్యి సాగడం లేదు. అందుకని నా పేరు పక్కన పెట్టి గ్లెనిస్ అని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

శనివారం సాయంత్రం నోరీన్ ఇంటి వరండాలో అందరూ చేరారు. మర్నాడు పొద్దున జీను కొండ చుట్టూ నడక. ఆ ఎండు పొదల్లో నడవడానికి మా ఊరివాళ్లు నెలకోసారి గుంపుగా బయల్దేరతారు. నోరీన్ అందరికంటే ముందు నడుస్తుంది, గ్లెనిస్ అందరికంటే చివర. చివర నడిచే మనిషికి పని ఒక్కటే, ఎవరినీ వెనక వదిలేసి రాకూడదు. ఏళ్ల తరబడి గ్లెనిస్ ఎవరినీ వదల్లేదు. పోయిన నెల మాత్రం మెర్విన్ తప్పిపోయాడు. పొద్దు వాలే వేళకి తనంతట తనే కార్ల దగ్గరికి వచ్చాడనుకోండి. కానీ మనిషి అడవిలో ఉండిపోతే చూసుకోలేదా అన్నట్టు అందరూ గ్లెనిస్ వైపే చూశారు. నలుగురిలో ఆమెకు నోరు పెగలదు. ఇంటికి పోయి స్నానాల గదిలో ఏడ్చింది.

ఇక చివర ఎవరు నడవాలో ఇవాళ తేల్చాలి. మెర్విన్ ఆ పని తనకే ఇమ్మంటున్నాడు.

మెర్విన్ ఒకప్పుడు గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు. ఇప్పుడు పొట్ట పెరిగి, పని మానేసి, మాటలు మాత్రం కత్తిరించకుండా వదులుతాడు.

"ఆ రోజు సంగతి మీకెవరికీ పూర్తిగా చెప్పలేదు," అని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "చెబితే గొప్పలు చెప్పుకుంటున్నానంటారని."

"నువ్వా!" అన్నాడు స్టావ్రో. వీధి చివర చేపల కొట్టు అతనిదే. ఇక్కడ కూడా పొయ్యి దగ్గర నిలబడి సాసేజీలు తిప్పుతున్నాడు.

"నవ్వకురోయ్. ఎండు వాగు దాటాక చిన్న పనిపడి పొదల్లోకి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే ఒక్క మనిషి లేడు. ఇంకొకడైతే గోల పెట్టేవాడు. నేను బెదరలేదు. సూర్యుణ్ణి చూసుకున్నాను, నా నీడ చూసుకున్నాను, కార్లు ఇటే అనుకుని నడిచాను. అంత ఎండలో అది చిన్న విషయమా?"

"కాదులే," అంది నోరీన్.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేడికి నా బూట్ల అడుగులు కరిగి రాళ్లకు అంటుకుపోతున్నాయి, కాలెత్తితే రాయి కూడా లేచొస్తోంది, అలా కాలికో బండ వేసుకుని కొండెక్కాను. పైన ఈము పక్షి గుడ్డు కనిపించింది. పగలగొట్టి చూద్దును కదా, లోపల ఉడికిపోయి ఉంది! ఉప్పు ఒక్కటే తక్కువ."

"చుట్టూ ఉన్నవి ఆకు ఉప్పగా ఉండే ఉప్పు పొదలే కదరా, ఓ ఆకు తుంచుకోకపోయావా?" అన్నాడు స్టావ్రో.

"అదే చేశాను! తింటుంటే ఆ గుడ్డు పొదిగే ఈము రానే వచ్చింది. నా కళ్లలోకి చూసింది. నేనూ చూశాను. అంతే, తల దించుకుని నా వెనకే నడిచింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక కంగారూలు. వరుస ఎంత పొడుగంటే, ముందు నేనిక్కడున్నాను, చివరి కంగారూ పక్క రాష్ట్రంలో ఉంది."

"నీ వెనక ఎందుకు రావడం?"

"దాహం, స్టావ్రో, దాహం! నా నీళ్లన్నీ వాటికే పోశాను. చాల్లేదు. ఏం చెయ్యను? జేబులో టీ చెంచా ఉంది. వాగు ఇసకలో తవ్వాను. నీళ్లు ఒక్కసారి ఎగదన్నాయి చూడండీ, పైన పోతున్న విమానంలో పైలట్ వైపర్లు వేసుకున్నాడు!"

నోరీన్ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. గ్లెనిస్‌కి కూడా నవ్వొచ్చింది.

నవ్వులు చూసి మెర్విన్ ఛాతీ ఇంకా పొంగింది. "ఇదంతా వీపున బ్యాగుతోనే చేశాను, అది మర్చిపోకండి. తాడు, గొడ్డలి, తిండి, సీసాలు. మీలో ఒక్కడు లేపలేడు దాన్ని. పొద్దున కారు దగ్గర ఎత్తుకున్నాను, సాయంత్రం కారు దగ్గరే దించాను. మధ్యలో ఒక్క క్షణం నేల తాకనిస్తే ఒట్టు."

"పొదల్లో కూర్చున్నప్పుడు కూడానా?" అన్నాడు స్టావ్రో.

"కూర్చున్నప్పుడు కూడా! ఆ బరువుతో కూర్చుని, ఆ బరువుతోనే లేచానురా!"

"చాల్లే, మహానుభావా," అంది నోరీన్. తర్వాత గొంతు మెత్తగా చేసుకుని ఇటు తిరిగింది. "గ్లెనిస్, రేపు నువ్వు కాస్త మధ్యలో నడువు. చివర మెర్విన్..."

"మెర్విన్," అంది గ్లెనిస్. ఎంత చిన్నగా అందంటే, వినపడక స్టావ్రో పొయ్యి మంట తగ్గించాడు. "పొదల్లోకి వెళ్లినప్పుడు బ్యాగు నీ వీపునే ఉందా?"

"ఇప్పుడేగా చెప్పాను, తల్లీ!"

"నిజంగా?"

"మా అమ్మ మీద ఒట్టు!"

"మరి దారి మీద ఏం పెట్టి వెళ్లావు?"

అందరూ మెర్విన్ వైపు తిరిగారు. పొదల్లోకి వెళ్లే మనిషి బ్యాగు దారి మీద పెట్టి వెళ్లాలి. చివర వచ్చే మనిషి దాన్ని చూసి ఆగుతుంది, బ్యాగు తాలూకు మనిషి వచ్చేదాకా కదలదు. బ్యాగు లేదంటే ఆ మనిషి ముందుకు వెళ్లిపోయినట్టే. మాలో అందరికీ తెలిసిన పద్ధతే అది. పోయిన నెల మెర్విన్, 'బ్యాగు పెట్టే వెళ్లాను, ఆమే చూసుకోకుండా దాటిపోయింది' అన్నాడు. అందరూ నమ్మారు.

మెర్విన్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అంటే... మరీ అంత పట్టుకుని అడిగితే..."

"అమ్మ మీద ఒట్టేశావురా!" స్టావ్రో గరిట ఊపుతూ అరిచాడు. "కావాలంటే విమానాన్ని వెనక్కి తీసుకో, ఈములను వెనక్కి తీసుకో. ఆ బ్యాగు మాత్రం ఇక నీ వీపు దిగదు!"

అందరూ విరగబడి నవ్వారు. నోరీన్ మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి గ్లెనిస్ పక్కన కూర్చుంది.

"నెల రోజులు ఈ మాట లోపలే పెట్టుకున్నావా?"

"నేను చూశాను నోరీన్. దారి పొడుగునా చూస్తూనే వచ్చాను. బ్యాగు లేదు."

"తప్పు మాదే. చివర నువ్వే ఉండాలి. నీకిష్టమైతేనే."

"ఇష్టమే," అంది గ్లెనిస్. ఆ ఒక్క మాట గట్టిగానే వచ్చింది.

మెర్విన్ అప్పటికే తేరుకుని సాసేజీ అందుకున్నాడు. "చూశారా? నేను నోరు విప్పబట్టే కదా ఈవిడ తప్పు లేదని తేలింది!"

మర్నాడు పొద్దున్నే అందరూ కొండ కింద కార్లు ఆపి బ్యాగులు ఎత్తుకున్నారు. మెర్విన్ నోరీన్ వెనకే నడుస్తూ, కొత్తగా వచ్చిన ఒకావిడకి విమానం సంగతి చెబుతున్నాడు. రాత్రికి రాత్రి విమానాలు రెండయ్యాయి. గ్లెనిస్ దారి మొదట్లో ఉన్న పొలం గేటు పట్టుకుని నిలబడి ఒక్కొక్కరినే లోపలికి పోనిచ్చింది. అందరూ దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. దారి ఖాళీగా ఉంది. గేటు మూసి, గొలుసు తగిలించి, వాళ్ల వెనక నడిచింది.