పెద్దాయన కనుబొమ్మ మీది గాటు

అన్నలారా, అక్కలారా, పనులు ఆపుకొని వచ్చిన రంగుల పనివాళ్లారా! ముందు వరుసలో కూర్చున్న పిన్నీ! ఈ యూనియన్ గదిలో ఇన్ని కుర్చీలు నిండడం నేనెప్పుడూ చూడలేదు. నిండాల్సిన రోజుల్లో నిండలేదు. పెయింటర్ బాబాయి పోయి నేటికి నాలుగు రోజులు. దేశానికి పునాది వేసిన పెద్దాయన పుట్టినరోజు సెలవు గడిచి మూడు రోజులు.

ముప్పై ఒక్క ఏళ్లు చౌరస్తాలో పెద్దాయన విగ్రహానికి రంగు వేసింది బాబాయే. ఊరందరికీ సెలవు, ఆయనకు తప్ప! పొద్దున్నే ఆఖరి మెరుగులు దిద్ది, ముందువైపు దండలూ ప్రసంగాలూ సాగుతుంటే దిమ్మె వెనక కూర్చొని అన్నం డబ్బా విప్పేవాడు. "మొహం వాళ్లది, వీపు నాది" అనేవాడు.

బాబాయికి ఏడేళ్లప్పుడు మిల్లు గేటు దగ్గర పెద్దాయన ఈయన్ని ఎత్తుకున్నాడు. ఆయన కుడి కనుబొమ్మను చీల్చిన లాఠీ గాటును ఈయన వేలితో తడిమాడు. విగ్రహం చేసినవాడూ ఆ గాటు చెక్కాడు. మనమేం చేశాం? పాత రంగు గీకకుండా ఏటేటా పైన పూయించాం. గాటు పూడిపోయింది. "పెద్దాయనకి మొహం వాస్తోందిరా! మందూ నాదే, రోగమూ నాదే" అని నవ్వేవాడు. నవ్వి ఊరుకున్నాడా? మున్సిపల్ ఆఫీసు మెట్లు అరిగేలా తిరిగాడు. "దెబ్బ కనబడకపోతే ఆయన మనకోసం ఏం పడ్డాడని చెబుతారు?" అని అడిగాడు. జవాబేమిటి? "ఏటా ఒక పూత అని ఫైల్లో ఉంది. గీకమని లేదు." పైకి తెలుపు, లోపల ఎముకలు అని సున్నం కొట్టిన సమాధుల గురించి లేఖనం ఊరికే చెప్పిందా?

ఈ ఏడు అడగడం మానేశాడు. సెలవు ముందురోజు మధ్యాహ్నం నన్ను పిలిచాడు. "ఒరే, నీ నోటితో పనిలేదు. చేతులు తీసుకురా, నిచ్చెన పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. కాసేపే! మర్నాటి సభకు ఒక మంచి మాట తట్టింది. రాసుకుందామని నిచ్చెన వదిలి దిమ్మె మీద కూర్చున్నాను. పైన పాత రంగు గీకుతున్న బాబాయి కేక: "కనబడిందిరోయ్!" "ఒక్క నిమిషం బాబాయ్" అన్నాను. తలెత్తలేదు. ఆ నిమిషంలోనే నిచ్చెన జారింది.

లేఖనంలో ఆకాశాన్నంటిన నిచ్చెన ఒకటుంది. దూతలు ఎక్కుతూ దిగుతూ ఉంటారు. దాన్ని కింద ఎవరు పట్టుకున్నారని నేనెన్నడూ అడగలేదు. దూతలకు రెక్కలున్నాయి. బాబాయికి నేనున్నాను.

సాయంత్రానికే జయంతి కమిటీవాళ్లు ఇంకొకరిని ఎక్కించి పూత వేయించారు. ఆ గాటు ఎవరైనా చూశారా? ఎవరూ చూడలేదు. మర్నాడు సంతాపం మాటెత్తితే "శుభమా అని జయంతి చేసుకుంటుంటే ఇప్పుడా?" అన్నారు. నేను రాసుకున్న ఆ మాట చదివానా? చదివాను. చప్పట్లు కొట్టారు.

పిన్నీ, ఓదార్పుగా నాలుగు మాటలు చెప్పమన్నావు. మూడు రోజులుగా ఈ పరిశుద్ధ గ్రంథం తిరగేస్తూనే ఉన్నాను. ఇందులో ఉండే ఉంటాయి. నా చేతికి దొరకడం లేదు. ఆ గాటు తెలిసిన ఆఖరి మనిషి పోయాడు. వచ్చే ఏడు ఇంకో పూత పడుతుంది. పడదని నేను అబద్ధమాడలేను.

లేవండి. ఆ రోజు నేను బాబాయిని అడిగిన ఒక్క నిమిషం ఇప్పుడు ఆయనకు ఇద్దాం. తలలు మాత్రం వంచకండి. వంచినవాణ్ని నేనొక్కణ్ని చాలు. పైకి చూడండి.