కానుక సంచిలో బోల్టు

అదిగో, ఆ కుర్చీలో కూర్చోమ్మా. ఆ స్టూలు మీద వద్దు. విరుగుతుందని కాదు తల్లీ, నీ బరువుకి ఏం విరుగుతుంది, పిచ్చుకంత ఉన్నావు. దాని మీద మా ఇంట్లో ఎవరూ కూర్చోరు, అంతే. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ దాని మీద గుడ్డ కప్పి ఉంచేది. గుడ్డ కప్పితే కనపడకుండా పోతుందా? సరే, నువ్వు పొడుగాయన మనవరాలివి కదూ. గుమ్మంలో చూడగానే అనుకున్నాను. తల వంచి లోపలికొచ్చావు చూడు, నీకు మా గుమ్మం అందదు, అయినా వంచావు. మీ తాత అలాగే వంచేవాడు. ఇంతకీ ఏమడిగావు? అయ్యగారి గురించా? ఏ అయ్యగారమ్మా, ఈ చర్చికి ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు... ఓ, ఆయనా. స్టూలు అయ్యగారు.

ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళు, వెనకాల. ఎందుకంటే, ఫలానావాడు ఫలానా తప్పు చేశాడని తెలిస్తే ఆయన ఆదివారం ప్రసంగంలో ఎత్తిపొడిచే రకం కాదు. స్టూలు చంకలో పెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళేవారు. గుమ్మం బయట వేసుకుని కూర్చునేవారు. తలుపు కొట్టరు, పిలవరు. తీస్తే లోపలికి వెళ్తారు, తీయకపోతే అక్కడే. మా వీధి చివర ఒక టైలరు ఉండేవాడు, పెళ్ళాన్ని కొట్టేవాడు. ఒకరోజు పొద్దున్నే అయ్యగారు వెళ్ళి గుమ్మం ముందు కూర్చున్నారు. వాడు వెనక గోడ దూకి పరారీ. అయ్యగారు సాయంత్రం దాకా కూర్చుని ఇంటికెళ్ళి, మర్నాడు స్టూలు తీసుకెళ్ళి వెనక గోడ పక్కన వేసుకున్నారు! నవ్వుతున్నావా, ఊరంతా నవ్వింది. కానీ ఆ టైలరు మళ్ళీ చెయ్యెత్తలేదమ్మా. నేనోసారి అడిగాను, ఏంటయ్యగారూ మీకీ పని, నాలుగు తగిలిస్తే పోయేదానికి అని. "తగిలిస్తే తప్పు లోపలికి వెళ్ళి దాక్కుంటుంది బాబూ. కూర్చుంటే ఎప్పటికైనా బయటికొస్తుంది" అన్నారు. ఆ స్టూలు చేసిచ్చింది ఎవరనుకున్నావు? మీ తాతే. రెండు చేతులూ ఉన్నప్పుడు.

మిల్లు సంగతి చెప్పాలి ముందు, లేకపోతే నీకు అర్థం కాదు. ఇప్పుడు లేదులే, అక్కడ గోడౌన్లు కట్టారు. కట్టెకోత మిల్లు. నేను మిషను మేస్త్రీని, మీ తాత దుంగలు తోసేవాడు. ఓనరుగారు మన సంఘపెద్ద కూడా, చర్చిలో నువ్వు కూర్చునే బెంచీలన్నీ ఆయన కోయించి ఇచ్చినవే. చెడ్డవాడు కాదమ్మా ఆయన. అదే నా బాధ, చెడ్డవాడైతే చెప్పడం తేలిక. రంపం బ్లేడు మీద ఇనప మూత ఉంటుంది, గార్డు అంటాం. నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. అది ఉంటే లావు దుంగలు పట్టవు, ప్రతిసారీ తిప్పి తిప్పి కొయ్యాలి. ఆ వారం తొందరపడుతున్నారు, లారీ వచ్చి నిలబడింది. ఓనరుగారు వచ్చి, "ఆ మూత పీకి పారెయ్యవయ్యా, ఈ ఒక్క లోడు పోనీ" అన్నారు. పీకేశారు. అంటే... పీకేశాం. ఆ మర్నాడు మధ్యాహ్నం దుంగ జారింది, మీ తాత కుడి చెయ్యి, మణికట్టు పైన... వద్దులే. కేక కూడా వెయ్యలేదు. "మేస్త్రీ, మిషను ఆపు" అన్నాడు, నీళ్ళు అడిగినట్టు. అంతే అన్నాడు.

అయ్యగారు అప్పుడు ఊళ్ళో లేరు, ఏవో కూటాలకి వెళ్ళారు. ఈలోపు పోలీసులు, విచారణ అంటారని ఓనరుగారికి భయం పట్టుకుంది. "తాగి పనిలోకొచ్చాడు" అనేశారు. ఒకసారి అన్నాక కాదనడం ఎలా? అన్నదే మళ్ళీ అన్నారు. కమిటీ కూర్చుని చర్చి పుస్తకంలో రాసేసింది, తాగి చెయ్యి పోగొట్టుకున్నాడు గనక ప్రభువు బల్లకి దూరం పెట్టాం అని. మీ తాత తాగడమా! దగ్గు మందు కూడా వాసన చూసి తాగేవాడమ్మా ఆ మనిషి. కట్టు కట్టిన చేత్తో వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. బల్ల మీది ద్రాక్షరసం గిన్నె ఆ బెంచీ దాకా వచ్చి వెనక్కి తిరిగింది. మీ నానమ్మకి ఇవ్వబోతే, "మా ఆయనకి లేని గిన్నె నాకెందుకు, తీసుకుపొండి" అంది. గొంతు తగ్గించి కూడా అనలేదు.

ఆ ఆదివారమే ఇంకోటి జరిగింది. చెప్తే నవ్వుతావు. నవ్వకు. కానుక సంచి వస్తుంది కదా, కర్రకి కట్టిన మఖమల్ సంచి. నేను జేబులో చెయ్యి పెట్టి చిల్లర తీసి వేశాను. టంగుమంది. పక్కనుంచి మా ఆవిడ, "ఏం వేశావయ్యా, మిల్లు వేశావా?" అంది. జేబు తడుముకున్నాను. నాలుగు బోల్టులు ఉండాలి, మూడే ఉన్నాయి. గార్డు తీసినప్పుడు జేబులో వేసుకుని మర్చిపోయాను. అవునమ్మా. పీకింది నేనే. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి తెలుసు, చెప్పకపోయినా తెలుసు. వద్దు అనాల్సిన మేస్త్రీని, పానా తెచ్చి ఈల వేసుకుంటూ పీకాను.

అయ్యగారు తిరిగొచ్చి విన్నారు. స్టూలు తీసుకుని నేరుగా ఓనరుగారి ఇంటికే. మిల్లు ఆవరణలోనే ఇల్లు, నాకు మిషను దగ్గర్నుంచి కనపడుతుంది. ఓనరుగారు తలుపు తీశారు. తీయక ఏం చేస్తారు, అంతకు రెండేళ్ళ ముందు ఆయన కూతురు జ్వరంతో పోతే మూడు రోజులు అన్నం ముట్టకుండా ఆయన పక్కన కూర్చున్నది ఈ అయ్యగారే. లోపల ఇద్దరూ ఏడ్చారు, బయటికి వినపడింది. "నిన్ను పడగొట్టడానికి రాలేదయ్యా. ఆ అబద్ధం నిన్ను తినేస్తుంటే చూడలేక వచ్చాను" అన్నారు అయ్యగారు. ఓనరుగారు, "చెప్తానయ్యగారూ, ఆదివారం నేనే లేచి చెప్తాను" అన్నారు. ఆదివారం వచ్చింది. అందరికంటే గట్టిగా పాట పాడి ఇంటికెళ్ళిపోయారు.

ప్రభువు చెప్పిన వరస ఒకటుంది కదా, ముందు ఒంటరిగా వెళ్ళు, వినకపోతే ఇద్దర్ని తీసుకెళ్ళు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అని. అయ్యగారు ఆ వరస తప్పేవారు కాదు. రెండోసారి నన్నూ, మిల్లు గుమాస్తానీ తీసుకెళ్ళారు. నేను అక్కడ చెప్పానమ్మా, ఎందుకు చెప్పలేదు! గార్డు లేదన్నాను, తీసెయ్యమన్నది మీరేనన్నాను, పొడుగాయన తాగలేదన్నాను. ఓనరుగారు కోప్పడలేదు. నా చేతుల వైపు చూశారు. మొహం వైపు కాదు, చేతుల వైపు.

మూడోసారి సంఘం ముందు. గుమాస్తాకి ఆ ఆదివారం జ్వరం, ఆయన జ్వరాలు క్యాలెండరు చూసుకుని వచ్చేవి. అయ్యగారు బల్ల దగ్గర నిలబడి జరిగిందంతా చెప్పారు. ఓనరుగారి పేరు చెప్పేటప్పుడు కూడా తిట్టలేదు, "నా సహోదరుడు" అన్నారు. తర్వాత, "కళ్ళతో చూసినవాళ్ళు లేచి నిలబడండి" అన్నారు. నేను మూడో బెంచీలో ఉన్నాను. పాటల పుస్తకం తెరిచాను. పాట కోసం వెతికాను. ఏ పాట, ఎవరు పాడమన్నారు? పేజీలు తిప్పుతూనే ఉన్నాను. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. వెనక మీ తాత దగ్గాడు. నేను తిప్పుతూనే ఉన్నాను. కమిటీలో ఒకాయన లేచి, "సాక్షులేరయ్యా? సంఘాన్ని చీలుస్తావా నువ్వు?" అని అరిచాడు. అయ్యగారు అందరికీ గిన్నె ఇచ్చి, తను మాత్రం తీసుకోకుండా మూత పెట్టేశారు. "పొడుగాయన తీసుకున్న రోజే నేనూ తీసుకుంటాను" అన్నారు.

సోమవారం పొద్దున తలుపు సందులోంచి చూస్తే మా గుమ్మం ముందు స్టూలు. ఇదే. ఈ గుమ్మమే. నేను తలుపుకి వీపు ఆనించి కింద కూర్చున్నాను, ఆయన అటు, నేను ఇటు, మధ్యలో అంగుళం చెక్క. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది, "తియ్యవయ్యా, నిన్నేం కొరుకుతాడా ఆయన?" అని. కొరుకుతాడంటే తీద్దును. మధ్యాహ్నం దాటాక ఆయనే మాట్లాడారు, నెమ్మదిగా. "బాబూ, సంచిలో బోల్టు దొరికింది. పీకింది నువ్వేనని తెలిసే నిన్ను సాక్షిగా పిలిచాను. నిన్ను దులిపెయ్యడానికి కాదు. నువ్వు నోరు తెరిస్తే ముందు విడుదలయ్యేది నువ్వే." నేను గొళ్ళెం మీద చెయ్యి వేశానమ్మా. వేశాను. చల్లగా తగిలింది. ఉద్యోగం పోతుంది, జైల్లో వేస్తారు, పిల్లలు... ఎన్ని లెక్కలో. చెయ్యి తీసేశాను. పొద్దు వాలేదాకా ఉండి వెళ్ళిపోయారు. మా ఆవిడ తలుపు తీస్తే స్టూలు ఉంది, దాని మీద బోల్టు ఉంది. ఆ వారమే కమిటీ ఆయన్ని ఎక్కడికో మార్పించేసింది. రెండేళ్ళకి పోయారట. అక్కడ కూడా గిన్నె ముట్టలేదట. ఓనరుగారు నన్ను పెద్ద మేస్త్రీని చేశారు. గార్డు మళ్ళీ బిగించాను, మూడు పాత బోల్టులు, స్టూలు మీద దొరికినది ముట్టుకోలేక ఒకటి కొత్తది. పాతికేళ్ళు ఆ కొత్త బోల్టు వైపు చూస్తూ పనిచేశాను. ఓనరుగారు కూడా నిద్రపట్టక నిద్రపట్టక పోయారు. మీ తాత పోయినప్పుడు మోశాను, భుజం మార్చుకోకుండా మోశాను. అయితే ఏం? పుస్తకంలో ఆ మాట అలాగే ఉంది.

తెలుసమ్మా, నువ్వెందుకొచ్చావో తెలుసు. కొత్త కమిటీవాళ్ళు చూసినవాళ్ళెవరైనా సంఘం ముందు చెప్తే ఆ వాక్యం కొట్టేస్తామన్నారని విన్నాను. మీ నానమ్మ మంచం పట్టిందనీ విన్నాను. ఆ మాట కొట్టేస్తేనే గిన్నె తీసుకుంటానందా? అంటుంది, అంటుంది. చూసినవాళ్ళలో మిగిలింది నేనొక్కడినే. ఈ ఆదివారమా? ఈ ఆదివారం అంటే... మోకాళ్ళమ్మా. లేచి నిలబడాలంటే ఇద్దరు పట్టుకోవాలి. నీకు చెప్పాను కదా, నువ్వు చెప్పరాదూ? ఫోనులో రికార్డు చేస్తావా? వద్దు, ఫోనులో వద్దు. మా అబ్బాయి ఇప్పుడు కమిటీలో ఉన్నాడు, వాడి మొహం ఎక్కడ పెట్టుకుంటాడు చెప్పు. వచ్చే నెల చూద్దాం. టీ తాగుతావా? కోడలు వచ్చే వేళైంది. ఏంటి, వెళ్తావా? మంచిది, జాగ్రత్తగా వెళ్ళు. అమ్మా, ఆ స్టూలు ఎందుకు తీస్తున్నావు? అది... అమ్మాయీ, బయట వేసుకుని కూర్చున్నావేంటి? గుమ్మానికి అడ్డమమ్మా. వింటున్నావా? పిచ్చిపిల్లా, లేమ్మా. చూడు, తలుపు వేసేస్తున్నాను. దోమలొస్తున్నాయి.