మెడలో బిళ్ల

"నా కొడుకును చంపింది జపానోడు కాదు. మీరు! నువ్వు, నీ భుజాన పటాలం కిరీటం కుట్టిన దొరలు, మాకు పాతపేరు వదలనియ్యని ఆ కరణం. అందరూ కలిసి చంపినారు. చంపి, పూడ్చను కూడా పూడ్చలేదు!"

మార్కాపురం మిషను బంగళా వరండా, యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. పటాలంలో పెద్ద పాదిరిగా పేరు మోసి తిరిగొచ్చిన నిత్యానందం ఎదుట ఆయన చెల్లెలు దానమ్మ నిలబడి ఉంది, అర్ధవీడు పాలెం నుంచి వచ్చి. పక్కన చంకకర్ర మీద ఏబేలు.

"మెల్లగా, దానమ్మా. బయట జనం ఉండారు."

"ఉండనీ. దండలు పట్టుకొని నీకోసమే గదా ఉండేది. వాళ్లూ విననీ."

"ముందు కూర్చో. ఎప్పుడనగా బయల్దేరినావో ఏమో. నీళ్లు తాగు."

"నాకొద్దు, పాదిరయ్యా."

"పాదిరయ్య ఏంది? నేను నీకు అన్నను గాదా?"

"ఏమో. అది తేల్చుకుందామనే వచ్చినా."

"ఏబేలూ, నువ్వన్నా చెప్పరా. సోల్జరువి."

"ఒంటికాలి సోల్జర్ని, సాబూ. దానత్తకు తోడొచ్చినా. నా మాట ఎవరు వింటారు?"

"ఇస్సాకు సంగతి తెలిసి నేను ఏడ్వలేదనుకున్నావా, చెల్లీ? నా మేనల్లుడు గాదా వాడు? ఏం చేస్తాం. దేవుని దగ్గర ఉండాడు."

"ఏ పేరుతో ఉండాడు?"

"అదేం మాట?"

"మాటే అడుగుతుండా. వాగులో ముంచి బాప్తిస్మమిచ్చి నువ్వు పెట్టిన ఇస్సాకు పేరుతో ఉండాడా, పటాలమోళ్లు మెడలో కట్టిన బిళ్ల మీది కాటమరాజు పేరుతో ఉండాడా?"

"అది రికార్డు పేరు గదా..."

"ఆ పేరు చెప్పమని ఎవరు చెప్పినారు వానికి?"

"అప్పటి పరిస్థితి వేరు..."

"ఎవరు చెప్పినారు?"

"మీటింగుకు టైమయింది. ఏబేలూ, కొంచెం బయట..."

"మీరే చెప్పినారు, సాబూ. దొనకొండ స్టేషన్లో, పటాలానికి పేర్లు రాసుకునేనాడు, ఖాకీ వేసుకొచ్చి. 'సర్కారు లెక్కలో ఏ పేరుంటే అదే చెప్పండిరా, వేరే పేరు చెప్తే తిప్పి పంపుతారు' అన్నారు. వరసలో వాని వెనకాలే నేనుండా."

"తిప్పి పంపేవాళ్లే! అబద్ధం చెప్పలా నేను."

"తిప్పి పంపుంటే బతికుండేవాడు గదయ్యా!"

"దానమ్మా..."

"సర్కారు లెక్కలో ఆ పేరెందుకుందో తెలీదా నీకు? కిరస్తానీ పేరు చెప్తే సర్కారిచ్చే దరఖాస్తు భూమి రాదన్నాడు కరణం. ఆ రాళ్లచేను కోసం, ఆ పిడికెడు కొర్రల కోసం పాతపేరే ఉంచినాం. తిండికొక పేరు, ప్రార్థనకొక పేరు. నువ్వూ ఆ పాలెంలోనే గదా పుట్టింది?"

"తెలుసు. తెలుసులే."

"ఏబేలూ, బిళ్ల సంగతి చెప్పరా."

"ఏముంది, అత్తా. ఇంగ్లీషులో పేరు, నంబరు, చివర మతానికి ఒక అక్షరం. నాది సి. మా నాయన మొండోడు, భూమి పోతే పోయిందని కిరస్తానీ పేరే రాయించినాడు. వానిది హెచ్, హిందువని. మణిపురం కొండల్లో లారీ కాలి, ఇద్దర్నీ ఒకే ఆసుపత్రి డేరాలో వేసినారు. మత్తుమందిచ్చి నా కాలు తీసినారు. కళ్లు తెరిచేసరికి పక్కన వాని మంచం ఖాళీ. ఇస్సాకు యాడ అంటే, ఇస్సాకెవరని నన్నే అడిగినారు. హెచ్ వాళ్లందర్నీ కట్టెల మీద పెట్టినారంట."

"ఎవరి మతం ప్రకారం వాళ్లకు జరగాలని ఆర్డరు. అందులో నా చేతిలో ఏముంది?"

"ఎవరి మతం? బతికినన్నాళ్లు ఊళ్లోవాళ్ల శ్మశానం గట్టు తొక్కనియ్యలా మమ్మల్ని. చచ్చినాక మాత్రం మీవాడేనని కాల్చినారు!"

"ఢిల్లీకి రాస్తా. పేరు సరి చేయిస్తా. నా మాటకు అక్కడ విలువుంది."

"నీ కాగితాలు వద్దు నాకు. పాలెంలో గుంట తవ్వి పెట్టినాం. వాడు పలకల గనికి తొడుక్కుపోయిన చొక్కా ఉండాది. అదే పూడుస్తా. మన సంఘం పాదిరి ప్రభాకరరావు అయ్యగారు రానంటుండాడు. శవం లేదు, పైగా కాలినోడు, రికార్డులో హిందువు, నేను వాక్యం చదవను పొమ్మన్నాడు. నువ్వొచ్చి చదువు."

"ఆయన సంఘంలోకి పోయి, ఆయన్ను కాదని నేనెట్ల..."

"మేకల కాడ తిరిగినోడివి. మిషను బళ్లో పంతులువైనావు. పాదిరివైనావు. పటాలంలో పాదిర్లకే పెద్దవైనావు. బస్రాలో చదివినావంట, క్వెట్టాలో చదివినావంట. దొరల బిడ్డల్ని పూడ్చేకాడ నువ్వు చదువుతుంటే తుపాకులు పేల్చినారంట. నా కొడుకు దగ్గరికొచ్చేసరికి నోరు పడిపోయిందా?"

"ఒక పద్ధతి ఉంటాది, తల్లీ."

"సాబూ, ఒకటడుగుతా. కోప్పడొద్దు."

"అడుగు, ఏబేలూ."

"ఆ డేరాకు మద్రాసీ పాదిరి ఒకాయన వచ్చిపోయినాడని వార్డుబాయి అన్నాడు. నా తలకాడ తెలుగు సువార్త పుస్తకం ఉండాది. మీరేనా పెట్టింది?"

"ఎన్ని డేరాలు తిరిగినానో. ఎన్ని పుస్తకాలు పంచినానో."

"తెలుగుది, సాబూ. తెలుగు పాదిరి ఇంకెవరున్నారు ఆడ?"

"...అయితే నేనే."

"పక్క మంచం చూసినావా, అన్... చూసినావా, పాదిరయ్యా?"

"మొహమంతా కట్టు. ఒక చెయ్యే బయటుంది. ఎవరని గుర్తుపట్టేది? వాడు ఆ పటాలంలో ఉండాడని కూడా తెలీదు నాకు. బిళ్ల తిప్పి చూసినా. హెచ్."

"పేరు?"

"పేరు చూడలా. అక్షరం చూసి ముందుకు పోతాం. అక్కడ మన వాళ్లకే టైము చాలదు."

"మన వాళ్లకే."

"అట్ల చూడొద్దు, దానమ్మా. నీళ్లు తాగించినా. నా కోటు అంచు పట్టుకున్నాడు. మెల్లగా విడిపించుకొని, పండిట్‌జీ వస్తాడు బేటా అని హిందూస్తానీలో చెప్పి కదిలినా."

"వాడేమీ అన్లేదా?"

"అందరూ అనేదే. ఉత్తరాది పిల్లలు పోయేముందు తల్లినే పిలుస్తారు. మా అంటారు. వీడూ అంతే. మా... మా... అని. కట్టులోంచి సరిగ్గా వినపడలా. వదిలిపెట్టలా కోటు. మళ్లీ అదే. మా... మా... చూడు, చెల్లీ, వాడు మన ఇస్సాకే అయితే, నిన్నే తలుచుకొని పోయినాడు. అదన్నా నీకు ఊరట."

"నా కొడుకు నన్ను ఎప్పుడు మా అన్నాడు?"

"అంటే?"

"అమ్మా అంటాడు వాడు. నోరొచ్చినకాణ్ణించి అమ్మా అనే. మా ఏంది వానికి? వాడు ఉత్తరాదివాడా?"

"అత్తా... చెప్పొద్దు అత్తా. మన ఊరికి పోదాం పా."

"ఏంది చెప్పొద్దు? ఏబేలూ, ఏందిరా అది? దానమ్మా?"

"సాబూ, మీరు కూర్చోండి. కూర్చోండి ముందు."

"బయట దండలు వాడిపోతే వాడిపోనీ. ఇదిగో పలక. గనిలో వాడు తన చేత్తో చీల్చింది. మేకు ఏబేలు దగ్గరుంది. నువ్వు పెట్టిన పేరు నీ చేత్తోనే చెక్కు దీని మీద. చెక్కి లెయ్, కంబం బండికి పోవాల. ప్రభాకరరావు అడ్డమొచ్చినా, నీ దొరలు అడ్డమొచ్చినా ఆగొద్దు. మన పాలెంలో మొదటి పిడికెడు మన్ను మేనమామే వెయ్యాల. అన్నా, వాడు పిలిచింది నన్ను గాదు. మామా అని నిన్ను పిలిచినాడు. ఇప్పుడన్నా పలుకు!"