థర్మామీటరు చెప్పిన జవాబు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షులు, మా ప్రిన్సిపాల్ మార్లిన్ టోవ్స్ గారికీ, కెనడాలో చలికి పేరుపడ్డ మన మానిటోబాలో ఎన్నాళ్ళకో వచ్చిన ఎండను వదులుకొని నా కోసం ఈ హాల్లో ఉక్కపోతను ఓర్చుకుంటున్న పెద్దలకూ, తోటి ఉపాధ్యాయులకూ, చివరి వరుసలో కూర్చుంటే నాకు కనబడమనుకునే నా పాత విద్యార్థులకూ నమస్కారం. (నవ్వులు)

ముప్ఫై రెండేళ్ళు ఈ బడిలోనే, పన్నెండో నంబరు గదిలో బీజగణితం చెప్పాను. ప్రమేయం, అదే ఫంక్షన్, ఇవ్వగానే ముందు దాని ప్రదేశం చూడండర్రా, ఎక్స్ ఎక్కడ తిరగొచ్చో ఎక్కడ తిరగకూడదో తేల్చుకోండర్రా అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. నా ప్రదేశం మాత్రం ఈ ఊరే, తృప్తిగా బతికాను. ఏం ఎల్సీ, నిజమేనా? మా ఆవిడ తలూపింది, బతికిపోయాను.

అయితే ఒక్క మాట కడుపులో ఉండిపోయింది. నేను చేరిన తొలి ఏడు, జనవరి పరీక్షలో ఒక అసమీకరణం ఇచ్చాను: ఒకటిని ఎక్స్‌తో భాగిస్తే ఒకటి కంటే తక్కువ రావాలి, ఎక్స్ ఎంత కావచ్చు? ఇరువైపులా ఎక్స్‌తో గుణించేసి, 'ఒకటి కంటే పెద్ద సంఖ్యలన్నీ' అని జవాబు రాసిపెట్టుకున్నాను. ట్వైలా రెంపెల్ అనే అమ్మాయి 'సున్నా కంటే చిన్నవి కూడా' అని కలిపి రాసింది. కొట్టేశాను. దాంతో ఆమెకు నలభై తొమ్మిది వచ్చాయి. యాభై వస్తేనే పాసు.

పేపర్లు ఇచ్చిన రోజు ట్వైలా లేచి నిలబడింది. "సార్, కిటికీ బయట థర్మామీటరు చూడండి. మైనస్ ముప్ఫై! అదే ఎక్స్ చోట వేసి చూడండి."

"తెలివి చాల్లే, కూర్చో" అన్నాను.

ఇంటికెళ్ళి వేసి చూశాను. ఆ పిల్ల చెప్పిందే సరి. ఋణసంఖ్యతో గుణిస్తే గుర్తు తిరగబడుతుందని పిల్లలకు చెప్పేది నేనే. సగం ఏడాది మైనస్‌లో బతికే ఊళ్ళో ఉంటూ సున్నా కింద సంఖ్యలున్నాయనే మరచిపోయాను! మర్నాడు ఒప్పేసుకుందామనుకున్నాను. ఒప్పుకోలేదు. కొత్త మేష్టారిని, పరువు పోతుందని భయం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాను. ఫెయిలైన ఆ పిల్ల మరో అయిదు నెలలు నా ఎదుటే కూర్చొని అదే పాఠం మళ్ళీ విన్నది.



ట్వైలా ఇక్కడే ఉంది. పదేళ్ళుగా నా పక్క గదిలో లెక్కలు చెబుతోంది, ఒక్కనాడూ దెప్పలేదు. సెప్టెంబరు నుంచి పన్నెండో గది ఆమెదే. అమ్మా, నీ జవాబే సరైనది. తప్పు నాది. సిగ్గుపడుతున్నాను, క్షమించు.

"తప్పు మీకు తెలిసిపోయిందని అప్పుడే తెలుసు సార్! మళ్ళీ ఏ పరీక్షలోనూ ఆ లెక్క ఇవ్వలేదుగా మీరు!" అంటోంది, విన్నారా? (నవ్వులు)

ఓపిగ్గా విన్న మీకందరికీ, పుల్లటి రూబార్బ్ కాడలతో కేకులు చేసి తెచ్చిన అమ్మలకూ కృతజ్ఞతలు. ట్వైలా, ఇలా మైకు దగ్గరికి రా అమ్మా. ఈసారి నువ్వు నిలబడు, నేను కూర్చుంటాను. సెలవు.