మూడు వీధుల నీళ్ళు, నలభై వేల సర్వీసులు

ఎదురుచూడటం తప్ప మరేమీ చేయలేని స్థితిలో మనిషి మంచి శ్రోత అవుతాడు. మామూలు రోజుల్లో రెండో మాటకే లేచిపోయేవాడు కూడా అప్పుడు ఎంత పెద్ద కోతలు కోసేవాడికైనా చెవి ఒగ్గుతాడు. ఆ మధ్యాహ్నం నీటి పరీక్షల ఆఫీసుకు ఎదురుగా ఉన్న టీకొట్టు బల్లల మీద మేము పదిమందిమి అటువంటి ఓర్పుతోనే కూర్చున్నాం. సోమవారం పెద్ద గొట్టం పగిలింది. మర్నాడు అతుకు వేశారు. గురువారం వచ్చినా మా మూడు వీధుల కుళాయిలు పొడిగానే ఉన్నాయి. నీళ్ళు మంచివేనని ఆఫీసు నుంచి నివేదిక వస్తేనే వాల్వు తిప్పుతారు. ఒంటిగంట లోపు రాకపోతే ఆ వంతు దిగువపేటకు వెళ్ళిపోతుంది, మా వంతు మళ్ళీ రెండు రోజులకు గాని రాదు. వాల్వు తిప్పే పెద్దాయన తన పొడవాటి ఇనపకడ్డీని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, ఫోన్ అరచేతిలో పెట్టుకుని మా పక్కనే ఉన్నాడు. అప్పటికి పన్నెండుంబావు అయింది.

ఆ ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టిన మనిషి కూడా మా మధ్యనే ఉన్నాడు. ఏ సంభాషణనైనా 'ఆటోమేటిక్' అన్న ఒక్క మాట దగ్గరికి తీసుకువచ్చే అలవాటు వల్ల ఆయనకు ఆ పేరే స్థిరపడింది. ఆయన ఎదుటి బల్ల మీద వాళ్ళ వదిన కూర్చుని ఉంది. ఆవిడ ఆయన భార్యకు అక్క, ఆ ఆఫీసులో నీళ్ళను పరీక్షించేదీ ఆవిడే. పొద్దున్నే సీసాలన్నీ చూసి, అంకెలు కంప్యూటర్‌కు ఎక్కించి, పదకొండు గంటలకే తన పని ముగించింది. మిగతాది యంత్రం చూసుకుంటుంది, పది నిమిషాల్లో నివేదిక వెళ్ళిపోతుంది అని మరిది చెప్పబట్టి కిందికి దిగివచ్చింది. ఆవిడ చేతిలోని టీ ఎప్పుడో చల్లారిపోయింది.

"ఏం బాబూ, నీ పది నిమిషాలు ఇంకా కాలేదా?" అంది టీకొట్టావిడ. "నా దగ్గర ఇదే ఆఖరి నీళ్ళ క్యాను."

"అసలదేంటో తెలిస్తే మీరీ ప్రశ్న అడగరండీ." ఆటోమేటిక్ బల్ల మీద సర్దుకుని కూర్చున్నాడు. "ఇదివరకు ఇక్కడేం జరిగేది? మా వదిన అంకెలు రాసిచ్చేది, ఆ కాగితం పట్టుకుని ఒకాయన వాన లెక్కల ఆఫీసుకి ఫోన్ చేసేవాడు, ఇంకొకాయన గొట్టాల మ్యాపు ఉన్నవాళ్ళకి చేసేవాడు, మందెంత కలపాలో చెప్పేవాళ్ళకి మరొకాయన, వాళ్ళు లైన్లో దొరికి, చెప్పింది రాసుకుని, మళ్ళీ టైపు కొట్టేసరికి సాయంత్రం. ఇప్పుడు ఆ ఆఫీసులన్నిట్లో కంప్యూటర్లే జవాబు చెప్తున్నాయి, వెబ్ సర్వీసులంటారు వాటిని, ఇంటర్నెట్లో అడిగితే పలుకుతాయి. నా సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే, ఏ పనికి ఏ సర్వీసు ఎక్కడుందో తనే వెతికి పట్టుకుంటుంది, ఒకదాని జవాబు తీసుకెళ్ళి ఇంకోదాని చేతిలో పెడుతుంది, అన్నీ వరసగా నడిపించి చివర్లో నివేదిక పంపిస్తుంది. సోమవారం పెట్టేశా. ఒక్కణ్ణే! రెండు టీలు తాగేలోపు!"

"నేను పైకి పంపినవి ఆరు," అంది టీకొట్టావిడ.

"ఆరే అనుకోండి. మొదటి నిమిషంలోనే మనకి కావలసిన అయిదు సర్వీసులూ దొరికాయి. అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. వెతకడం రుచి మరిగింది దానికి. రెండో నిమిషానికి యాభై, నేను కళ్ళజోడు తుడిచి పెట్టుకునేసరికి అయిదొందలు, గంట తిరిగేసరికి నాలుగు వేలు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

మాలో ఎవరూ తెలియదనలేదు. ఆయనకు ఆ అవసరమూ లేదు.

"అందులో ఒకటి పన్నెండేళ్ళ కిందట మూసేసిన ఆఫీసులోది. తలుపుకి తాళం, కిటికీలకి చెక్కలు, మనుషులంతా రిటైరైపోయారు, మూలనున్న కంప్యూటర్ని ఆపడం మాత్రం మర్చిపోయారు. నాది వెళ్ళి దాని తలుపు తట్టింది. అదేమందనుకున్నారు? 'నన్నెవరైనా ఓ మాట అడిగి పన్నెండేళ్ళయింది, వచ్చావా నాయనా, కూర్చో' అంది."

"కంప్యూటర్ అందా?" అన్నాడు వాల్వు పెద్దాయన.

"కళ్ళారా చూశా బాబాయ్, తెర మీద వచ్చింది. పాపం ఎంత మొహం వాచి ఉందంటే, మనం ఒక్క బావి లోతు అడిగితే బావులన్నిటి లోతూ చెప్పి, ఏ బావిలో ఎవరి చెంబు పడిందో కూడా చెప్పుకొచ్చింది. మా ఆవిడ చిన్నప్పుడు పారేసుకున్న చెంబు జాడ నాకలాగే తెలిసింది!"

"మాకు బావెక్కడిది మరిదీ?" అంది వదిన, ఆఫీసు కిటికీ వైపు చూస్తూనే. "మేం పెరిగింది మూడో అంతస్తులో."

"పక్కవాళ్ళ బావి అయ్యుంటుంది వదినా, అదెంత విషయం!"

చిన్న విషయాల్లో అంత ఉదారంగా ఓడిపోగల మనిషిని పెద్ద విషయాల్లో నిలదీయడం కష్టం. నిలదీసిన వాడే అల్పుడిలా కనిపిస్తాడు. అందుకే కాబోలు మేము ఇంకొంచెం ముందుకు జరిగి కూర్చున్నాం.

"మంగళవారానికల్లా దీని పేరు పాకిపోయింది. ఇక సర్వీసులే దీన్ని వెతుక్కుంటూ రావడం మొదలు. మమ్మల్నీ పెట్టుకోండి, మమ్మల్నీ పెట్టుకోండని బయట బారులు! సముద్రం ఆటుపోట్లు చెప్పేదొకటి, గాలి చెప్పేదొకటి, రైళ్ళ వేళలు చెప్పేదొకటి. నీళ్ళ పరీక్షకి రైళ్ళెందుకే అంటే, 'ఓ మూల పడుంటాలే, ఎప్పుడో పనికొస్తా' అంటుంది. పొమ్మనలేకపోయా. ఆ రోజుకి లెక్క నలభై వేలు."

"ఇందాక నాలుగు వేలన్నారు," అన్నాను నేను.

"అది సోమవారం మాటండీ. ఇది వినండి ముందు. వాన సర్వీసుని నాది అడిగింది, ఇవాళ వానెప్పుడని. మూడింటికంది. నాది ఊరుకుంటుందా? 'మూడింటికి మా వదిన సీసాలు నింపుతుంది, వాన నీళ్ళు కలిస్తే లెక్క చెడుతుంది, ఓ అరగంట ఆగు' అంది. అంతే! మూడింటికి మబ్బులొచ్చాయి, సంగతి తెలుసుకున్నాయి, ఉన్నచోటే నిలబడ్డాయి. మూడున్నరకి వదిన చివరి సీసాకి మూత బిగించిందో లేదో, టపటపా మొదలు! కావాలంటే ఆవిణ్ణే అడగండి."

అందరం ఆవిడ వైపు తిరిగాం.

"మూడింటికే పడింది," అంది వదిన. "గొడుగు నువ్వే పట్టుకున్నావు."

టీకొట్టావిడ పొయ్యి దగ్గర నుంచి పగలబడి నవ్వింది. ఆటోమేటిక్ కూడా ఏ సంకోచమూ లేకుండా మాతోపాటు నవ్వాడు. అంతలో వాల్వు పెద్దాయన ఫోన్ వంక చూసి, "పన్నెండూ నలభై," అన్నాడు. నవ్వు దానంతట అదే అణగిపోయింది. ఇంట్లో బోర్లించి ఉన్న బకెట్లు మాలో ప్రతి ఒక్కరికీ గుర్తుకు వచ్చాయి.

"నివేదిక ఎక్కడాగిందో ఒకసారి చూసిరా మరిదీ," అంది వదిన.

"ఆగడమా! అది ఆగే రకమైతే నాకిన్ని తిప్పలెందుకు వదినా? దాన్ని ఆపడానికి నేను పడ్డ పాట్లు చెప్తా, ఇదొక్కటీ విను. నిన్నటికి అది లోకంలో ఉన్న పనులన్నీ నెత్తినేసుకుంది. ఎవరూ చెప్పకుండానే ఓడలకి దారి చూపిస్తోంది, విమానాల వేళలు సర్దుతోంది, ఎక్కడో చలిదేశంలో ఒకాయన లైటు ఆర్పకుండా పడుకుంటే తనే ఆర్పేసింది, భూమి తిరగడంలో అరసెకను ఆలస్యం ఉందని పట్టుకుని దాన్ని సరిచేసే సర్వీసు ఎక్కడుందా అని వెతకడం మొదలెట్టింది! అది దొరికిందా, మనం బల్లలతో సహా ఎగిరి అవతల పడేవాళ్ళం కాదూ? అప్పుడు లేచా నేను. సెట్టింగుల్లోకి వెళ్ళి ఒకే ఒక్క ముడి వేశా. ఎంత పనైనా చేసుకో, ఎవర్నైనా అడుగు, నివేదిక తయారయ్యాక మాత్రం బయటికి పంపే ముందు నన్నడగాలి! నేను 'ఊఁ' అంటేనే ఆఖరి అడుగు. అననంతసేపూ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడాల్సిందే, గంటలైనా సరే, రోజులైనా సరే! నలభై వేల సర్వీసులండీ, నా ఒక్క 'ఊఁ' కోసం!"

వదిన గ్లాసు కింద పెట్టింది.

"నిన్నెలా అడుగుతుంది?"

"నా ఫోన్‌కి వస్తుంది వదినా, 'పంపమంటారా' అని. అలా వేలితో నొక్కడమే."

"ఫోనేదీ?"

జేబు మీదికి వెళ్ళిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. "పైన ఉంది. చార్జింగులో."

"అయితే పదకొండింటి నుంచీ అది నీ కోసం చేతులు కట్టుకుని నిలబడి ఉంది మరిదీ," అంది ఆవిడ, స్వరం ఏమాత్రం పెంచకుండా. "ఈ పదిమందీ దాని కోసం ఇక్కడ కూర్చుని ఉన్నారు."

ఆటోమేటిక్ మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. "అంటే, అది నేను కావాలనే, ఓర్పు ఎంతుందో పరీక్షిద్దామని..." అని ఎత్తుకున్నాడు.

"మెట్లెక్కు," అంది వదిన.

ఒక చెప్పు బల్ల కిందే వదిలేసి పరుగెత్తాడు. మేము కిటికీ వైపు చూడటం మాని పెద్దాయన అరచేతి వైపు చూస్తూ కూర్చున్నాం. పన్నెండూ యాభై రెండుకు ఆ ఫోన్ మోగింది. పెద్దాయన కళ్ళద్దాలు పైకెత్తి అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "నీళ్ళు మంచివి. వదలవచ్చు." కడ్డీ భుజాన వేసుకుని ఆయన ఒక పక్కకు వెళ్ళాడు. తక్కినవాళ్ళు బకెట్లు గుర్తుచేసుకుంటూ ఇళ్ళవైపు పరుగులాంటి నడకతో వెళ్ళారు. నా టీ ఇంకా మిగిలి ఉండటం వల్ల నేనూ, కొట్టు విడిచి వెళ్ళలేక టీకొట్టావిడా, మరిది కోసం వదినా మిగిలాం.

ఆయన గోడ పట్టుకుని నెమ్మదిగా దిగివచ్చి, చెప్పు తొడుక్కున్నాడు.

"ఆ అడిగేచోట నీ పేరు తీసేసి నా పేరు పెట్టు," అంది వదిన. "నీళ్ళు చూసింది నేను."

"రెండు నిమిషాల పని వదినా."

"పెట్టు. ఇంతకీ నీ 'ఊఁ' కోసం పైన ఇందాకటిదాకా ఎన్ని నివేదికలు నిలబడి ఉన్నాయి?"

ఆటోమేటిక్ ఉత్సాహంగా నోరు తెరిచాడు. వదిన ఆయన కళ్ళలోకే చూస్తోంది. పెదవుల దాకా వచ్చిన అంకె ఏదో వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం నాకూ, టీకొట్టావిడకూ స్పష్టంగా కనిపించింది.

"ఒకటే వదినా," అన్నాడు. "మనదే."