చెయ్యెత్తితే ఆగిన జలపాతం

దర్జీ నోరు తెరిస్తే కుట్టుమిషను కూడా పని మానేసి వింటుందని వీధిలో అంటారు. మాట్లాడేటప్పుడు అతను తొక్కడు, అందుకని ఆగుతుంది, అంతే.

ఆ సాయంత్రం మాత్రం అతనికి మాట్లాడక తప్పలేదు. మర్నాడు సెలవు. వీధిలోవాళ్ళంతా పిల్లాపాపలతో వ్యాను మాట్లాడుకుని జలపాతానికి బయల్దేరుతున్నారు. ముందు సీట్లో కూర్చుని దారి చూపించేదెవరో టీకొట్టు దగ్గర తేలాలి. ఆ సీటంటే దర్జీకి ప్రాణం. పోటీకి సొంత బావమరిదే బల్ల చివర కూర్చున్నాడు. కొట్టు నడిపేది దర్జీ అత్తగారు.

"పోయినేడు మావాళ్ళని నేనే తీసుకెళ్ళాను. ఒక్కరికి ముల్లు గుచ్చుకుంటే ఒట్టు," అని దర్జీ ఎంతో అణకువగా మొదలెట్టాడు.

"బాగా ఎక్కాలా?" అన్నాడు వ్యాను డ్రైవరు.

"ఎక్కాలా అని అంత తేలిగ్గా అంటావేంటి! కొండ గోడలా నిలబడి ఉంది, మా ఆవిడ కాళ్ళు లాగుతున్నాయంది, సరేనని ఆవిణ్ణో భుజాన, పిల్లల్నో భుజాన, అత్తయ్యని వీపున వేసుకుని ఎక్కుతున్నానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? అలిసిపోయింది. నేను కాదు, దారి! సగంలో చతికిలపడింది. మిగతా కొండ దారి లేకుండానే ఎక్కాను."

"క్యారేజీ ఎవరు మోశారు బావా?" అన్నాడు బావమరిది.

"పళ్ళతో పట్టుకున్నాను. పెద్దవాళ్ళు చెప్తుంటే వినాలి బామ్మర్దీ! పైకెళ్ళి చూద్దును కదా, జలపాతం నడుం దగ్గర చిరిగిపోయి నీళ్ళన్నీ పక్కకి కారిపోతున్నాయి. మన చెయ్యి ఊరుకుంటుందా? సూది తీసి, సన్నటి నీటిపాయ ఒకటి దారంగా ఎక్కించి, పైనుంచి కిందిదాకా కచ్చాకుట్టు వేసేశాను. మధ్యలో చేప అడ్డొస్తే దాన్నీ గుండీలా కుట్టేశాను."

"చేప ఊరుకుందా?"

"కాజా బాగా కుదిరిందంది. ఇంతలో పిల్లలు తడిసిపోతున్నారని మా ఆవిడ గోల. లేచి ఇలా చెయ్యెత్తి 'ఆగు' అన్నాను. ఆగిపోయింది! గాల్లో ఉన్న చివరి చుక్క నన్ను చూసి, జంకి, మళ్ళీ పైకెళ్ళిపోయింది."

డ్రైవరు నోట్లో టీ అలాగే ఉండిపోయింది. మింగి, "అయితే ముందు సీటు మీకేనేమో," అన్నాడు.

"ఆగిన మాట నిజం," అంది అత్తగారు టీ వడగడుతూ. దర్జీ ఛాతీ రెండింతలైంది. "కళ్ళారా చూశాను. అల్లుడుగారు చెయ్యెత్తారు, అదే క్షణాన వాచ్‌మన్ వచ్చి వాల్వు కట్టేశాడు. ఊరి నీళ్ళ ట్యాంకు నిండి పొర్లుతుంటే దాని కింద మమ్మల్నందర్నీ నిలబెట్టి, ఇదే జలపాతం, కానివ్వండన్నారు. నేనప్పుడే తలకి సబ్బు రుద్దుకున్నాను నాయనా. ఆ సబ్బుతోనే ఇంటికొచ్చాను."



డ్రైవరు బావమరిది వైపు తిరిగి, "పొద్దున్నే వచ్చెయ్, ముందు నువ్వే," అన్నాడు.

"మరి నేనో?" అన్నాడు దర్జీ.

"మీరు చిట్టచివర, అత్తగారి పక్కన."

దర్జీ మీసం సవరించుకున్నాడు. "నేనూ అదే అందామనుకున్నా. జలపాతం మన వెంట పడితే, వెనక గట్టివాడు ఒకడుండాలి కదా!"