వాగొడ్డున కూసున్న ప్రేమమ్మ

ప్రేమమ్మ సంగతా? కూసో అఖిలా, చెప్త. ఆమె పోయి శాన ఏండ్లాయె. మా గోడవతలి ఇల్లే ఆమెది. గిప్పుడు విమానాలు దిగుతున్నయి గని, తొంభై అయిదో ఆరో, గప్పుడు గీడంత జొన్నచేన్లే. మొగడు యోనా లారీ తోలేటోడు, ఎప్పుడొస్తడో ఎప్పుడు పోతడో. పెద్ద పిలగాడు ఇమ్మాన్యుయేలు హిమాయత్ సాగర్ల ఈతకు దిగి మల్ల రాలే. ఇగ గప్పటిసంది ఆమె పానం ఆమె చేతుల లేదు. చిన్నది సిల్వియా బడికి పోతే, బడి గోడకాడ్నే పొద్దుందాక కూసునేది. సారు కోపం జేస్తే, ఏమన్నయితే ఎవలు జూస్తరు సారూ అనేది. చర్చిల గూడ కండ్లు తలుపు దిక్కే. పాస్టరయ్య, నీ బరువు ప్రభువు మీద పెట్టమ్మా అంటే తలూపేది. ఇంటికొచ్చి మా ఇంటామె సత్తెమ్మతోని, అక్కా, ప్రార్థన జేస్తుంటే గూడ గుండె దడదడ అంటది, నా మాట దేవునికి ఇనొస్తదా అని అడిగేది. మేం మల్లన్నను మొక్కేటోళ్లం, ఏం జెప్తం?

వానకాలంల ఒక దినం ప్రేమమ్మకు చలిజరం, బడికాడికి పోలే. వాన దంచుతుందని సారు పిల్లల్ని జల్ది ఇడిసిండు. బడికీ మా వాడకూ నడుమ వాగు. అందరి పిల్లలొచ్చిన్రు, సిల్వియా రాలే. మేం మొగోళ్లం కట్టెలు పట్టుకొని నీళ్లల్ల దేవులాడుతున్నం. ముండ్లకంపకు తట్టుకొని పిల్ల చెప్పు దొరికింది. జరంతోనే ఉరికొచ్చింది ప్రేమమ్మ, ఆ చెప్పు జూసి వాగుల దుంకబోతే నేనే రెక్క పట్టి గుంజిన. ఇగ బురదల్నే కూలబడ్డది. వణుక్కుంట అన్నది, "ప్రభువా, నా చేతులు సాల్తలెవ్వు. పిలగానికీ సాలలే. దీన్ని నువ్వు పట్టుకో."

ఏమైందో ఏమో, వణుకు ఆగింది. ఊపిరి నిమ్మలంగ తీసుకుంటుంది. ఏడుస్తున్న సత్తెమ్మను దగ్గరికి తీసుకొని ఈపు రాస్తుంది. నాకైతే ఇంక భయమైంది, మతి తప్పిందేమోనని. పొద్దు గుంకంగ అవతలొడ్డున, బడి పక్కన ఉండే కౌసల్యమ్మ కేకేసింది, పిల్ల ఆమె చంకల ఉన్నది. నీళ్లల్ల కాలు పెడితే చెప్పు కొట్కపోయిందట, బెదిరి ఎన్కకు మర్లి కౌసల్యమ్మ ఇంట్ల జొచ్చిందట.

తర్వాత అడిగిన, పిల్ల బతికున్నదని నీకు ముందే ఎర్కయిందా చెల్లే అని.

"లేదన్నా. దొరుకుతదని ఎవలూ చెప్పలే. దొరకకున్నా నేను ఒక్కదాన్ని గానని ఎర్కయింది."

మర్నాడు వాగు తగ్గినంక సిల్వియా ఇల్లు చేరింది. వారం తిరక్కముందే ఒక్కతే బడికి పోయింది. ప్రేమమ్మ మా అరుగు మీద ఒరిగి పట్టపగలు గుర్రువెట్టి నిద్రపోయింది. పిలగాడు పోయినంక గామె నిద్రపోంగ జూసుడు మాకు గదే ఫస్టు. సత్తెమ్మ చప్పుడు గావద్దని కోళ్లను గూడ అవతలికి ఎల్లగొట్టింది...

ఊఁ. ఇగ లే బిడ్డా, మబ్బు పట్టింది. ఇల్లు చేరంగనే ఫోన్ చెయ్యి. మర్శిపోకు.